కుక్కలలో ఎలర్జీ చర్మవ్యాధికి ఔషధ చికిత్స

కుక్కలలో ఎలర్జీ చర్మవ్యాధి అనగా సాధారణంగా హాని చేయని పదార్థాలకు కుక్క శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం వలన కలిగే చర్మవ్యాధి. దీని ప్రధాన లక్షణం దురద. మనుషులలో ఎలర్జీ తరచుగా తుమ్ములు, ముక్కు కారడం రూపంలో కనిపిస్తే, కుక్కలలో అది ఎక్కువగా చర్మం మీదనే బయటపడుతుంది. చాలా సందర్భాలలో ఈ వ్యాధి పూర్తిగా నయం కాదు; జీవితాంతం అదుపులో ఉంచవలసి వస్తుంది. అందువలన పశువైద్యుని చీటీపై మాత్రమే ఇవ్వవలసిన మందులకు దీని చికిత్సలో ముఖ్యమైన స్థానం ఉన్నది.

2013 తరువాత వచ్చిన కొత్త మందులు ఈ చికిత్సను బాగా మార్చివేశాయి. దురదను కొద్ది గంటలలోనే తగ్గించగల మాత్రలు, నెలకొకసారి చేసే ఇంజెక్షన్లు అందుబాటులోకి వచ్చాయి. దీనితో కొన్ని ప్రశ్నలు కూడా తలెత్తాయి. దురద వెంటనే తగ్గుతున్నపుడు దాని కారణం వెదకవలసిన అవసరం ఉన్నదా? ఏళ్ళ తరబడి ఈ మందులు వాడవచ్చునా? ఖరీదైన మందు కొనలేనివారు చౌకగా దొరికే స్టీరాయిడ్లు వాడితే ఏమవుతుంది? ఈ మూడింటికీ సమాధానం చాలావరకు ఒకే విషయంపై ఆధారపడి ఉన్నది: మందు ఇవ్వడానికి ముందు జరిగే పరీక్ష, ఇచ్చిన తరువాత జరిగే పర్యవేక్షణ.

వ్యాధి స్వభావం

ఎలర్జీ చర్మవ్యాధికి ముఖ్యంగా మూడు కారణాలు ఉన్నాయి.

* కీటకాల కాటు: కుక్కల వెంట్రుకల మధ్య తిరిగే, రెక్కలు లేని, ఎగిరి దూకే చిన్న కీటకాన్ని ఫ్లీ అంటారు. ఇది కుట్టినపుడు దాని లాలాజలం కుక్క చర్మంలోకి చేరుతుంది. ఎలర్జీ ఉన్న కుక్కకు కొద్ది కాట్లే చాలా రోజుల దురదకు కారణం కావచ్చు. నడుము వెనుక భాగం, తోక మొదలు వద్ద వెంట్రుకలు ఊడడం దీని గుర్తు.
* ఆహారం: సాధారణంగా ఆహారంలోని మాంసకృత్తుల వలన ఇది కలుగుతుంది. గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ వంటివి తరచుగా కారణమవుతాయి. ఎన్నో నెలలుగా తింటున్న ఆహారమే ఒకనాటికి ఎలర్జీకి కారణం కావచ్చు.
* పరిసరాలు: ఇంటి ధూళిలోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, బూజు మొదలైనవాటి వలన కలిగే వ్యాధిని అటోపిక్ చర్మశోథ అంటారు. ఇది సాధారణంగా ఆరు నెలల నుండి మూడేళ్ళ వయసు మధ్య మొదలవుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, బుల్‌డాగ్ వంటి జాతులలో ఎక్కువగా కనిపిస్తుంది.

కాళ్ళ పాదాలు, చెవులు, పొట్ట, చంకలు, మూతి ఎర్రబడడం, కుక్క అదేపనిగా పాదాలు నాకడం, చెవులు పదేపదే చెడడం అటోపిక్ చర్మశోథలో సాధారణం. గోకడం వలన చర్మం చిట్లి స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా, మలసీజియా అనే ఈస్టు పెరుగుతాయి. ఇవి దురదను మరింత పెంచుతాయి. దురద వలన గోకడం, గోకడం వలన పుండు, పుండు వలన మళ్ళీ దురద అనే చక్రం ఏర్పడుతుంది. ఎలర్జీ మందు ఎంత మంచిదైనా, ఈ సూక్ష్మజీవుల సంగతి చూడకపోతే పూర్తి ఫలితం ఇవ్వదు.

వ్యాధి నిర్ధారణ

అటోపిక్ చర్మశోథను ఒకే ఒక రక్తపరీక్షతో నిర్ధారించడం సాధ్యం కాదు. ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ వచ్చి, చివరకు మిగిలినదానిని గుర్తించడమే ఇందులోని పద్ధతి. మొదట చర్మాన్ని గీకి సూక్ష్మదర్శిని క్రింద చూసి గజ్జి పురుగులు, డెమోడెక్స్ పురుగులు ఉన్నాయేమో పరీక్షిస్తారు. బాక్టీరియా, ఈస్టు ఉంటే వాటికి చికిత్స చేస్తారు. ఫ్లీలు కనిపించకపోయినా వాటి నివారణ మందు కొంతకాలం ఇచ్చి చూస్తారు.

తరువాతి మెట్టు ఆహార పరీక్ష. కుక్క ఇంతకుముందు తినని మాంసకృత్తులతో గాని, జలవిశ్లేషణ చేసిన మాంసకృత్తులతో గాని తయారైన ఆహారాన్ని మాత్రమే కనీసం 8 వారాలు పెట్టాలి. 2015లో ప్రచురితమైన ఒక సమీక్ష ప్రకారం, ఆహార ఎలర్జీ ఉన్న కుక్కలలో 90 శాతానికి పైగా 8 వారాలలో మెరుగుపడతాయి. దురద తగ్గిన తరువాత పాత ఆహారాన్ని తిరిగి పెట్టి, దురద మళ్ళీ వస్తేనే ఆహార ఎలర్జీ అని ధ్రువపరుస్తారు. ఈ 8 వారాలలో ఒక బిస్కట్టు ముక్క, పెరుగన్నం ముద్ద, ఎముక ఏది పెట్టినా పరీక్ష చెడిపోతుంది. ఇంటిల్లిపాదీ కుక్కకు తలా ఒక ముద్ద పెట్టే ఇళ్ళలో ఈ పరీక్ష విఫలమవడానికి ఇదే ముఖ్య కారణం.

రక్తంలోను, చర్మంలోను చేసే ఎలర్జీ పరీక్షలు వ్యాధి ఉన్నదని తేల్చడానికి కాక, టీకా వంటి ఇమ్యునోథెరపీలో ఏ పదార్థాలు చేర్చాలో నిర్ణయించడానికి ఉపయోగపడతాయి. అప్పటికే వాడుతున్న మందులు చర్మ పరీక్షకు అడ్డు వస్తాయి. నోటి ద్వారా ఇచ్చే స్టీరాయిడ్లను సుమారు 14 రోజులు, దీర్ఘకాలం పనిచేసే స్టీరాయిడ్ ఇంజెక్షన్లను సుమారు 28 రోజులు ముందుగా ఆపవలసి ఉంటుంది. ముందు మందు, తరువాత పరీక్ష అనే వరుస వలన కలిగే నష్టం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ముఖ్యమైన మందులు

* ప్రెడ్నిసోలోన్ వంటి స్టీరాయిడ్లు: ఇవి పాతవి, చౌకైనవి, త్వరగా పనిచేసేవి. హఠాత్తుగా ఎక్కువైన దురదను కొద్దిరోజులలో అణచడానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా వీటిని సిఫారసు చేస్తాయి. దాహం, ఆకలి, మూత్రం పెరగడం తొలి దుష్ప్రభావాలు. నెలల తరబడి వాడితే కండరాలు క్షీణించడం, పొట్ట జారడం, చర్మం పలుచబడడం, అంటువ్యాధులు రావడం జరుగుతుంది. దీనిని మందు వలన కలిగిన కుషింగ్ వ్యాధి అంటారు. చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే శరీరం సొంతంగా కార్టిసాల్ తయారు చేయలేక ప్రమాదం కలుగవచ్చు.
* సైక్లోస్పోరిన్: మనుషులలో అవయవ మార్పిడి కొరకు వాడుకలోకి వచ్చిన ఈ మందును కుక్కల అటోపిక్ చర్మశోథకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్.డి.ఎ.) 2003లో ఆమోదించింది. సాధారణ మోతాదు కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. పూర్తి ప్రభావానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. వాంతులు, విరేచనాలు సాధారణ దుష్ప్రభావాలు.
* ఓక్లాసిటినిబ్: జోయెటిస్ సంస్థ అపోక్వెల్ అనే పేరుతో తయారుచేసిన ఈ మాత్రను ఎఫ్.డి.ఎ. 2013 మే నెలలో ఆమోదించింది. దురద సంకేతాలను కణాల లోపలికి చేరవేసే జానస్ కైనేజ్ అనే ఎంజైములను ఇది అడ్డుకుంటుంది. కిలో బరువుకు 0.4 నుండి 0.6 మిల్లీగ్రాముల చొప్పున మొదటి 14 రోజుల వరకు రోజుకు రెండుసార్లు, తరువాత రోజుకొకసారి ఇస్తారు. 12 నెలల లోపు వయసున్న కుక్కలకు, తీవ్రమైన అంటువ్యాధులు ఉన్నవాటికి దీనిని ఇవ్వరాదు.
* లోకివెట్మాబ్: సైటోపాయింట్ అనే పేరుతో లభించే ఈ ఇంజెక్షన్ నిజానికి ఒక ప్రతిరక్షకం. దురద సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-31ను ఇది పట్టి నిర్వీర్యం చేస్తుంది. చర్మం క్రింద ఒకసారి ఇస్తే సుమారు 4 నుండి 8 వారాలు పనిచేస్తుంది. ఇది జీవసంబంధ ఉత్పత్తి కనుక అమెరికాలో దీనికి అనుమతినిచ్చినది ఎఫ్.డి.ఎ. కాక వ్యవసాయ శాఖ. యూరోపియన్ యూనియన్‌లో 2017లో ఆమోదం పొందినది. కొన్ని కుక్కలలో ఈ మందుకే ప్రతిరక్షకాలు తయారై దాని ప్రభావం తగ్గుతుంది.
* ఇలునోసిటినిబ్: ఎలాంకో సంస్థ జెన్రీలియా అనే పేరుతో తయారుచేసిన ఈ మాత్రను ఎఫ్.డి.ఎ. 2024 సెప్టెంబరులో ఆమోదించింది. ఇది కూడా జానస్ కైనేజ్‌ను అడ్డుకునేదే. మొదటి రోజు నుండి రోజుకొకసారి ఇస్తారు.
* యాంటీహిస్టమిన్లు: సెటిరిజిన్ వంటివి మనుషుల ఎలర్జీలో బాగా పనిచేసినా, కుక్కల దురదలో వీటి ప్రయోజనం స్వల్పం. మనుషుల జలుబు మాత్రలలో సెటిరిజిన్‌తో పాటు సూడోఎఫిడ్రిన్ గాని, పారాసిటమాల్ గాని కలిసి ఉండవచ్చు. ఇవి కుక్కలకు ప్రమాదకరం.

దీర్ఘకాల భద్రతపై చర్చ

జానస్ కైనేజ్ నిరోధకాలు రోగనిరోధక వ్యవస్థపై పనిచేస్తాయి కనుక వీటివలన అంటువ్యాధులు, కాన్సర్లు పెరుగుతాయా అనేది మొదటి నుండి ఉన్న ప్రశ్న. తీవ్రమైన అంటువ్యాధులకు, డెమోడెక్స్ గజ్జికి లోనయ్యే అవకాశం పెరగవచ్చునని, ఉన్న కణితులు ముదరవచ్చునని ఓక్లాసిటినిబ్ కరపత్రంలోనే హెచ్చరిక ఉన్నది. మనుషులలో ఇదే తరగతికి చెందిన టోఫాసిటినిబ్ వంటి మందులపై 2021లో ఎఫ్.డి.ఎ. గుండెజబ్బు, కాన్సర్, రక్తపు గడ్డల విషయంలో తీవ్ర హెచ్చరిక విధించడంతో కుక్కల యజమానులలో ఆందోళన సహజంగానే పెరిగింది.

అయితే ఆ హెచ్చరికకు ఆధారమైన అధ్యయనం జరిగినది 50 ఏళ్ళు పైబడి, గుండెజబ్బు ముప్పు ఉన్న కీళ్ళవాత రోగులపై. దానిని కుక్కలకు నేరుగా వర్తింపజేయలేము. కుక్కలలోనే జరిగిన ఒక పరిశీలన 2020లో ప్రచురితమైనది. ఎలర్జీ ఉన్న 660 కుక్కలలో, ఓక్లాసిటినిబ్‌ను 6 నెలలకు మించి వాడిన 339 కుక్కలను, వాడని 321 కుక్కలతో వయసు, జాతి వారీగా సరిపోల్చారు. రెండు వర్గాల మధ్య కాన్సర్ల విషయంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇది ఊరట కలిగించే ఫలితమే. కాని ఇది పాత రికార్డుల ఆధారంగా చేసిన పరిశీలన. అరుదైన ప్రమాదాలను పూర్తిగా తోసిపుచ్చడానికి చాలదు. కాబట్టి ఏళ్ళ తరబడి ఈ మందు వాడే కుక్కలకు పశువైద్యులు నియమిత కాలంలో రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, చర్మంపై కొత్త గడ్డలు ఉన్నాయేమో చూస్తారు.

టీకాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఇలునోసిటినిబ్‌ను 2024లో ఆమోదించినపుడు, టీకాకు కనీసం 28 రోజుల ముందు మందు ఆపాలని, టీకా తరువాత కూడా కనీసం 28 రోజులు ఇవ్వరాదని ఎఫ్.డి.ఎ. కరపత్రంలో చేర్చింది. ఇటువంటి సూచనలు కొత్త సమాచారాన్ని బట్టి మారుతుంటాయి కనుక తాజా కరపత్రాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. రేబిస్ ఇంకా మనుషుల ప్రాణాలు తీస్తున్న భారతదేశం వంటి దేశాలలో, కుక్క దురద మందుకు, దాని రేబిస్ టీకాకు మధ్య సమన్వయం ఆ ఇంటివారి భద్రతకు కూడా సంబంధించిన విషయం.

మందుల చీటీ: చట్టం, ఆచరణ

భారతదేశంలో మందుల అమ్మకం 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నియమాల పరిధిలోకి వస్తుంది. స్టీరాయిడ్లు షెడ్యూల్ హెచ్ క్రిందకు వస్తాయి. అనగా చీటీ లేకుండా చిల్లరగా అమ్మరాదు. 65వ నియమం ప్రకారం చీటీపై వైద్యుని సంతకం, తేదీ, మందు మొత్తం పరిమాణం, మోతాదు ఉండాలి. పశువు కొరకైతే దాని యజమాని పేరు, చిరునామా వ్రాయాలి. మళ్ళీ ఇవ్వవచ్చునని వైద్యుడు వ్రాస్తే తప్ప ఒకే చీటీపై రెండవసారి మందు ఇవ్వరాదు. పశువైద్యం చేసే అధికారం నమోదైన పశువైద్యులకే ఉన్నదని 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం చెబుతున్నది.

ఆచరణలో ఈ నియమాల అమలు బలహీనంగా ఉన్నది. మనుషుల చర్మంపై రాసే స్టీరాయిడ్ పూతమందులు విచ్చలవిడిగా అమ్ముడవుతున్నాయని చర్మవైద్యులు చాలాకాలం ఆందోళన వ్యక్తం చేసిన తరువాత, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పూతమందులను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. ఇంట్లో మిగిలిన అటువంటి పూతమందునే కుక్క పుండుకు రాస్తే రెండు విధాల నష్టం కలుగుతుంది. కుక్క దానిని నాకి మింగుతుంది. పుండుకు కారణం గజ్జి గాని, ఫంగస్ గాని అయితే అది లోలోపల ముదురుతుంది. పాత చీటీతోనే స్టీరాయిడ్ మాత్రలు పదేపదే కొనడం ఇంకా ప్రమాదకరం. దురద తగ్గుతుంది కనుక మందు పనిచేస్తున్నదనే భావన కలుగుతుంది, అసలు వ్యాధి గుర్తించడం నెలల తరబడి వాయిదా పడుతుంది.

ఇతర దేశాలలో సమస్య మరొక రూపంలో ఉన్నది. అమెరికాలో పైన పేర్కొన్న మాత్రలను పశువైద్యుడు లేదా అతని ఆదేశం లేకుండా కొనడం సాధ్యం కాదు. సాధారణంగా ఇందుకు వైద్యుడు కుక్కను స్వయంగా పరీక్షించి ఉండాలి. అక్కడ చర్చ ఎక్కువగా ఖర్చు గురించి జరుగుతున్నది. బ్రిటన్‌లో పెంపుడు జంతువుల వైద్యసేవల మార్కెట్టుపై పోటీ, మార్కెట్ల ప్రాధికార సంస్థ 2024లో పూర్తిస్థాయి విచారణ చేపట్టింది. 2025 అక్టోబరులో వెలువరించిన తాత్కాలిక నిర్ణయంలో, మందులను బయట చౌకగా కొనుక్కోవచ్చునని యజమానులకు తెలియజేయాలని, చీటీ వ్రాసినందుకు తీసుకునే రుసుముకు 16 పౌండ్ల పరిమితి ఉండాలని ప్రతిపాదించింది. ఎక్కువకాలం వాడవలసిన ఎలర్జీ మందుల విషయంలో ఇటువంటి ప్రతిపాదనల ప్రభావం ఎక్కువ.

ఈ రెండు పరిస్థితులను కలిపి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. చీటీ మరీ సులభమైతే, లేదా అసలు అవసరమే లేకపోతే, కుక్కకు పరీక్ష జరగదు. చీటీ మరీ ఖరీదైతే యజమాని వైద్యుని వద్దకే వెళ్ళడు. రెండు చోట్లా నష్టపోయేది కుక్కే.

ఖర్చు

ఈ మందుల మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక పెద్ద కుక్కకు ఖర్చు ఎక్కువ. ఉదాహరణకు 30 కిలోల లాబ్రడార్‌కు ఓక్లాసిటినిబ్ ఒక్కొక్క మోతాదు 12 నుండి 18 మిల్లీగ్రాముల మధ్య, అనగా 16 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కావాలి. మొదటి రెండు వారాలు రెండేసి మాత్రలు వేస్తే తొలి సంవత్సరానికి 379 మాత్రలు అవుతాయి. అదే కుక్కకు ప్రెడ్నిసోలోన్ చాలా చౌకగా వస్తుంది. అయితే దీర్ఘకాల స్టీరాయిడ్ వాడకం వలన వచ్చే చర్మపు అంటువ్యాధులు, వాటికి వాడే యాంటీబయాటిక్‌లు, హార్మోను సమస్యల పరీక్షలు ఆ లెక్కలో మొదట కనిపించవు.

ఖర్చు భరించలేని కుటుంబాలకు అన్నీ మూసుకుపోలేదు. కారణం ఫ్లీలని తేలితే వాటి నివారణతోనే, ఆహారమని తేలితే ఆహార మార్పుతోనే దురద తగ్గవచ్చు; రోజూ మాత్ర అవసరం ఉండకపోవచ్చు. దురద ఎక్కువగా ఉండే నెలలలో మాత్రమే మందు వాడడం, స్టీరాయిడ్‌నే వైద్యుని పర్యవేక్షణలో కొద్దిరోజులు ఇచ్చి అతి తక్కువ మోతాదుకు, రోజు విడిచి రోజుకు తగ్గించడం కూడా అంగీకరించబడిన పద్ధతులే. అంటే సరైన పరీక్ష చాలాసార్లు ఖర్చును తగ్గించే మార్గమే అవుతుంది.

ఉష్ణ ప్రాంతాలలో ప్రత్యేక జాగ్రత్తలు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వంటి వేడి ప్రాంతాలలో ఫ్లీలు, పిడుదులు ఏడాది పొడుగునా ఉండగలవు. చలి దేశాలలో వలె శీతకాలంలో నివారణ మందు ఆపడం ఇక్కడ కుదరదు. పిడుదుల ద్వారా ఎర్లిఖియా, బబీసియా వంటి రోగకారకాలు కుక్క రక్తంలో చేరుతాయి. అటువంటి కుక్కకు రోగనిరోధక శక్తిని తగ్గించే మందు ఇస్తే దాగి ఉన్న రోగం విజృంభించే ప్రమాదం ఉన్నది. అందువలన జ్వరం, నీరసం, ఆకలి తగ్గడం ఉన్న కుక్కకు ముందుగా రక్తపరీక్ష అవసరం.

వానాకాలపు తేమలో ఈస్టు, బాక్టీరియా ఎక్కువగా పెరుగుతాయి. ఒత్తుగా వెంట్రుకలు ఉండే విదేశీ జాతుల కుక్కలలో తడి ఆరక దురద ముదురుతుంది. గజ్జికి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ విషయంలో కూడా హెచ్చరిక ఉన్నది. కోలీ వంటి కొన్ని జాతులలో ఎమ్.డి.ఆర్.1 అనే జన్యువులో లోపం వలన ఆ మందు మెదడులోకి చేరి ప్రాణాపాయం కలిగించగలదు. ఫ్లీలకు, పిడుదులకు ఇచ్చే ఐసోక్సజోలిన్ మాత్రలు సాధారణంగా సురక్షితమైనవే అయినా, కొన్ని కుక్కలలో మూర్ఛ రావచ్చునని ఎఫ్.డి.ఎ. 2018లో హెచ్చరించింది. కాబట్టి ఇంతకు ముందు మూర్ఛ వచ్చిన కుక్క అయితే ఆ విషయం వైద్యునికి చెప్పాలి.

మందులతో పాటు ఇతర చికిత్స

ఇమ్యునోథెరపీలో, కుక్కకు పడని పదార్థాలనే అతి స్వల్ప మోతాదులలో క్రమంగా పెంచుతూ ఇంజెక్షన్ ద్వారా గాని, నాలుక క్రింద చుక్కలుగా గాని ఇస్తారు. సగానికి పైగా కుక్కలలో ఇది మెరుగుదల చూపుతుంది. ఫలితం తెలియడానికి ఏడాది వరకు పట్టవచ్చు. మిగిలిన మందులు దురదను అణచగా, వ్యాధి గమనాన్నే మార్చగల చికిత్స ఇది ఒక్కటే. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూతో స్నానం సూక్ష్మజీవులను తగ్గిస్తుంది. షాంపూను చర్మంపై సుమారు 10 నిమిషాలు ఉంచి, తరువాత శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి.

దీర్ఘకాల నిర్వహణ

ఎలర్జీ చర్మవ్యాధి ఉన్న కుక్క విషయంలో యజమాని ఒక చిన్న పుస్తకంలో దురద తీవ్రతను 0 నుండి 10 వరకు అంకెలలో, ఇచ్చిన మందు, మోతాదు, టీకా తేదీలు వ్రాసి ఉంచితే వైద్యునికి చాలా ఉపయోగం. బాగా పనిచేస్తున్న మందు ఒక్కసారిగా పనిచేయకపోతే మోతాదు పెంచడానికి ముందు ఫ్లీలు, చర్మపు అంటువ్యాధి, ఆహారంలో మార్పు ఉన్నాయేమో వెదకాలి. అనేక సందర్భాలలో విఫలమైనది మందు కాదు. కొత్త కారణం వచ్చి చేరి ఉంటుంది.

కొత్త మందులు కుక్కలకు, వాటితో రాత్రులు నిద్ర లేకుండా గడిపే కుటుంబాలకు నిజమైన ఉపశమనం కలిగించాయి. వీటికి భయపడి కుక్కను దురదకు వదిలివేయడం సరికాదు. అయితే దురద ఒక వ్యాధి లక్షణం మాత్రమే. లక్షణం మాయమైనంత మాత్రాన కారణం తొలగిపోదు. మందుల చీటీ విలువ మందు కొనడానికి ఇచ్చే అనుమతిలో కంటే, ఆ కారణాన్ని ఒకరు పరీక్షించి చూశారనే హామీలో ఎక్కువగా ఉన్నది.